డిసెంబరులో మద్రాసు వెళ్ళేముందు

ప్రతి ఏడూ దసరా సెలవులు అయ్యేసరికి స్నేహితుల్లో ఎవరో ఒకరు అడుగుతారు. "ఈసారి డిసెంబర్లో మద్రాసు వెళ్ళి కచేరీలు వినాలనుంది. మ్యూజిక్ అకాడమీలో టికెట్ దొరుకుతుందా? ఎన్ని రోజులుండాలి? ఎవరిని వినాలి?" అడిగేవాళ్ళలో సంగీతం నేర్చుకున్నవాళ్ళు తక్కువే. పాత పాటలు వినీ వినీ, యూట్యూబ్‌లో బాలమురళి దగ్గర మొదలై ఎక్కడో సంజయ్ సుబ్రహ్మణ్యన్ దగ్గర తేలినవాళ్ళు ఎక్కువ. ఒకసారి ఆ హాల్లో కూర్చుని వినాలని కోరిక.

చెప్పాల్సిన సంగతులు కొన్నే. అకాడమీ సంగీతోత్సవం డిసెంబరు నడుమ మొదలై జనవరి 1న జరిగే సదస్సుతో ముగుస్తుంది. ఆ తర్వాత నాట్యోత్సవం. ఉదయం సంగీతశాస్త్రం మీద సోదాహరణ ప్రసంగాలు. వాటికి టికెట్ ఉండదు. మధ్యాహ్నం కుర్రాళ్ళ కచేరీలు, అవీ ఎక్కువగా ఉచితమే. సాయంత్రం పెద్దవాళ్ళవి. మంచి సీట్లన్నీ సీజన్ టికెట్లకే పోతాయి. అవి ఏళ్ళ తరబడి కొన్ని కుటుంబాల చేతుల్లో ఉంటాయి, దాదాపు పిత్రార్జితంలాగా. పైనుంచి వచ్చినవాళ్ళు రోజువారీ టికెట్ కోసం పొద్దున్నే వరసలో నిలబడాలి. మొదటిసారైతే నాలుగు రోజులు చాలు. పేరున్నవాళ్ళ కంటే మధ్యాహ్నం పాడేవాళ్ళని ఎక్కువ వినండి. క్యాంటీన్‌కి కచేరీ అయ్యాక కాదు, కచేరీకి ముందు వెళ్ళండి.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నాకు చెప్పాలనిపించేది వేరే ఉంది. మీరు కష్టపడి టికెట్ సంపాదించి ఆ హాల్లో కూర్చుంటారు. వేదిక మీద పాడే ఆయన తమిళుడు. చుట్టూ కూర్చున్న పదహారు వందలమందిలో ఎక్కువమంది తమిళులు. రెండున్నర గంటల్లో వినిపించే పాటల్లో సగానికి పైగా తెలుగు. పక్కసీటులో పెద్దావిడ తొడమీద తాళం వేస్తూ అక్షరం తప్పకుండా పెదవి కదుపుతుంటుంది. మీరు తెలుగువాళ్ళు, మీకు సాహిత్యం సగం అర్థం కాదు. ఆవిడ తమిళావిడ, ఆవిడకి పాటంతా కంఠతా వచ్చు. ఆ క్షణంలో కలిగే గర్వం, సిగ్గు కలిసిన వింత భావం ఒకటుంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంచెం తెలుసుకుని వెళితే కచేరీ ఇంకో రకంగా వినిపిస్తుంది.

హాలు కంటే ముందు ఇళ్ళుండేవి. పంతొమ్మిదో శతాబ్దపు మద్రాసులో సంగీతం జార్జిటౌన్‌లోని వర్తకుల, దుబాసీల ఇళ్ళలో బతికింది. త్యాగరాజు మద్రాసు వచ్చినప్పుడు కోవూరు సుందరేశ ముదలియారు ఆయన్ని ఆహ్వానించి, బందరు వీధిలోని తన ఇంట్లో ఉంచుకున్నాడు. ఆ ప్రయాణం గుర్తుగానే కోవూరు పంచరత్నాలు మిగిలాయి. అప్పటికి త్యాగరాజు కుటుంబం తెలుగుదేశం వదిలి ఎన్నో తరాలైంది. నాయకరాజుల కాలంలో తంజావూరు చేరిన తెలుగు, వాళ్ళ తర్వాత వచ్చిన మరాఠా రాజుల కొలువులోనూ నిలిచింది. శాహజీ లాంటి మరాఠీ రాజు తెలుగులో యక్షగానాలు రాయించాడు, తనూ రాశాడు. అంటే కావేరి ఒడ్డున తెలుగు ఒక ప్రాంతం భాషగా కాదు, ఒక కళ భాషగా స్థిరపడింది. వీధిలో తమిళం, వేదిక మీద తెలుగు. వాళ్ళకి అందులో వింతేమీ కనపడలేదు.

ఆ సంగీతం అచ్చులోకి వచ్చినప్పుడు కూడా చాలావరకు తెలుగు లిపిలోనే వచ్చింది. 1859 నాటి 'సంగీత సర్వార్థ సార సంగ్రహము' మద్రాసులో అచ్చయిన తెలుగు పుస్తకం. 1904లో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వేసింది ఎట్టయపురంలో. తిరునెల్వేలి వైపు తమిళ నడిబొడ్డు అది. అక్కడి జమీందారు ఖర్చుతో, తెలుగులో, రెండు పెద్ద సంపుటాలు. ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతులకి ఈనాటికీ మూలగ్రంథం అదే. దాన్ని తమిళంలోకి మార్పించి సంపుటాలుగా ప్రచురించే పని తర్వాత మ్యూజిక్ అకాడమీయే చేసింది.

ఇళ్ళ కచేరీల్లో అందరికంటే పేరుపడింది వీణ ధనమ్మాళ్ ఇల్లు. జార్జిటౌన్ రామకృష్ణ వీధిలో శుక్రవారం సాయంత్రాలు ఆమె వాయించేది. ఎవరూ దగ్గకూడదు, కదలకూడదు. ఆమె సొత్తు ఎక్కువగా క్షేత్రయ్య పదాలు, జావళులు. కృష్ణాజిల్లా మొవ్వలో పుట్టాయనుకునే పదాలు అసలైన నెమ్మదితో బతికింది మద్రాసులో ఒక దేవదాసి ఇంట్లో. ఆమె మనవరాళ్ళే బాలసరస్వతి, బృంద, ముక్త. క్షేత్రయ్యని వినాలంటే తెలుగువాళ్ళు వాళ్ళ రికార్డింగులే వెతుక్కోవాలి. ఇది మనం పెద్దగా చెప్పుకోని సంగతి.

ఇంటి నుంచి హాలుకి వచ్చే దారిలో కూడా తెలుగు ఆనవాళ్ళున్నాయి. మీరు చెన్నై సెంట్రల్ స్టేషన్ బయటికి రాగానే రిప్పన్ భవనం పక్కన ఎర్రటి కట్టడం ఒకటి కనిపిస్తుంది. విక్టోరియా పబ్లిక్ హాలు. 1883లో దానికి శంకుస్థాపన చేసి విరాళం ఇచ్చింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. గురజాడకి ఆశ్రయమిచ్చిన ఆనంద గజపతే. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల సరస వినోదిని సభ వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసి ఉత్సాహపడిన యువకుడు పమ్మల్ సంబంద ముదలియారు సుగుణ విలాస సభ పెట్టాడు. ఆధునిక తమిళ నాటకరంగం కథని తమిళులు మొదలుపెట్టేది అక్కడే. హైదరాబాదు నుంచి రైల్లో వచ్చేవాళ్ళు ఆ భవనాన్ని ఒక్క నిమిషం ఆగి చూసి ఆటో ఎక్కితే నష్టం లేదు.

సభ అనే మాట గురించి రెండు ముక్కలు. మద్రాసులో 'సభ' అంటే చందాదారుల సంఘం. రాజాస్థానాలు, జమీలు వెనకబట్టాక, లాయర్లూ గుమాస్తాలూ వ్యాపారులూ నెలకింత చందా వేసుకుని కచేరీలు పెట్టించుకున్నారు. ట్రిప్లికేన్‌లోని పార్థసారథిస్వామి సభ 1900 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. తొలిరోజుల్లో జనాన్ని రప్పించింది కచేరీలు కాదు, హరికథలు. ఒక ధనవంతుడి మెప్పు కోసం పాడే పాట, టికెట్ కొన్న వందమంది కోసం పాడే పాటగా మారిన చోటు ఇది. రాగాన్ని ఒక రాత్రంతా పాడితే చివరి ట్రాము పోతుంది. కాబట్టి వర్ణంతో మొదలెట్టి, చకచకా కొన్ని కృతులు, నడుమ ఒక పెద్ద రాగం, తని ఆవర్తనం, చివర్లో తేలిక పాటలు అనే కూర్పు స్థిరపడింది. అరియకుడి రామానుజ అయ్యంగార్ దాన్ని దిద్దితీర్చాడంటారు. ఆ చివరి తేలిక పాటలకి మద్రాసులో 'తుక్కడా' అని పేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని మీదే గొడవైంది.

అకాడమీ పుట్టింది కాంగ్రెసు పందిట్లో. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటు అఖిల భారత సంగీత సమావేశం కూడా పెట్టారు. దేశానికి స్వరాజ్యం అడిగే చోట దేశానికో సంగీతం ఉందని చూపించాలి కదా. ఆ సమావేశం చేసిన తీర్మానం ఫలితంగా 1928 ఆగస్టులో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు డాక్టర్ యు. రామారావు, వైద్యుడు. కార్యదర్శుల్లో ఇ. కృష్ణయ్యర్, వకీలు. పేరుకి తగ్గట్టే దాని లక్ష్యం కచేరీలు పెట్టడం కాదు. రాగలక్షణాలు తేల్చడం, పండితులందరినీ ఒకచోట కూర్చోబెట్టి వాదించుకోమనడం, పత్రిక నడపడం. 1930 నుంచి పత్రిక వస్తోంది. ఉదయం ఉచిత ప్రసంగాలు ఆ మొదటి ఆశయం తాలూకు కొనసాగింపే. సీజన్‌కి వెళ్ళినవాళ్ళు వాటిని నిద్రకి త్యాగం చేస్తారు. నేనూ చేశాను, తర్వాత బాధపడ్డాను.

ఎవరిది సంగీతం, ఎవరు పాడొచ్చు అనే ప్రశ్న ఆ హాలు గుమ్మంలో మొదటినుంచీ నిలబడే ఉంది. 1931లో అకాడమీ కల్యాణి కూతుళ్ళ నాట్యం పెట్టింది. దేవదాసీల ఆటని ఆపాలని ముత్తులక్ష్మి రెడ్డి ఉద్యమిస్తున్న కాలం అది. ఆట ఉండాలి, దాన్ని గౌరవమైన వేదిక మీదకి తేవాలి అని కృష్ణయ్యర్ పట్టు. ఆట నిలిచింది, భరతనాట్యమనే పేరు స్థిరపడింది. ఆడే కుటుంబాలు మాత్రం మెల్లగా పక్కకి జరిగిపోయాయి. బాలసరస్వతి ఒక్కతే గట్టిగా నిలబడింది. అదంతా వేరే వ్యాసం. కానీ ఇక్కడ మన భాష కూడా ఉందని మర్చిపోకూడదు. ఆ కుటుంబాలు అభినయం పట్టింది తెలుగు పదాల మీద. పదాలు తెలిసిన వాళ్ళు తగ్గిపోయాక పదాలూ తగ్గాయి.

ఇప్పుడు అసలు గొడవ.

1941 ఆగస్టులో చిదంబరంలో, అన్నామలై విశ్వవిద్యాలయంలో తమిళ ఇసై సమావేశం జరిగింది. పెట్టించినవాడు రాజా అన్నామలై చెట్టియార్, ఆ విశ్వవిద్యాలయ స్థాపకుడు. అడిగింది చాలా సులువైన సంగతి. తమిళదేశంలో, తమిళులు పాడుతూ, తమిళులు వింటుంటే, కచేరీలో ఎక్కువ పాటలు తమిళంలో ఎందుకు ఉండకూడదు? రేడియోలో ఎందుకు ఉండకూడదు? తమిళ పాటకి కచేరీ చివర తుక్కడా చోటేనా? ఆర్.కె. షణ్ముఖం చెట్టి, రాజాజీ, రసికమణి టి.కె. చిదంబరనాథ ముదలియార్ వంటి వాళ్ళు సమర్థించారు. కల్కి కృష్ణమూర్తి తన కలంతో ఊరూరికీ చేర్చాడు. ఎదురువాదన మ్యూజిక్ అకాడమీ నుంచి వచ్చింది. ఆ డిసెంబరులో అకాడమీ ఒక తీర్మానం చేసింది. దాని సారాంశం: శాస్త్రీయ సంగీతం స్థాయి కాపాడటమే అందరి లక్ష్యం కావాలి, భాష అనే మాట తెచ్చి ఆ స్థాయి తగ్గించకూడదు.

ఇందులో మనవాళ్ళకి పెద్దగా తెలియని ముచ్చట ఒకటుంది. ఆ 1941 సమావేశానికి అధ్యక్షపీఠంలో ఉన్నది ద్వారం వెంకటస్వామి నాయుడు. విజయనగరం సంగీత కళాశాల ప్రిన్సిపాలు, తెలుగువాడు, వాయించేది ఫిడేలు. భాష గురించి తమిళులు ఇద్దరుగా చీలి కొట్టుకుంటున్న ఏడాది, మాట అవసరంలేని వాద్యం పట్టుకున్న తెలుగాయన ఆ పీఠంలో ఉన్నాడు. మరుసటేడు నుంచి అధ్యక్షులకి 'సంగీత కళానిధి' బిరుదు ఇవ్వడం మొదలైంది, అంతకుముందు అధ్యక్షులుగా చేసినవాళ్ళకీ కలిపి ఇచ్చారు. ద్వారం పేరు పక్కన 1941 అని ఉండేది అందుకే.

ఈ వివాదాన్ని తెలుగులో తలుచుకున్నప్పుడల్లా "తెలుగు పాటని తమిళులు వెళ్ళగొట్టబోయారు, అకాడమీ కాపాడింది" అనే ధోరణి వినిపిస్తుంది. నాకది సరైన లెక్కగా కనిపించదు. అందులో తెలుగువాళ్ళు అసలు కక్షిదారులే కారు. తెలుగు పక్షాన వాదించినవాళ్ళలో ఎక్కువమంది మద్రాసు బ్రాహ్మణ వకీళ్ళు, వ్యాపారులు, రసికులు. వాళ్ళు కాపాడింది తెలుగు భాషని కాదు; తాము గురువుల దగ్గర నేర్చుకున్న పాటని, ఆ పాటతోపాటు వచ్చిన పెద్దరికాన్ని. 'సంగీతానికి భాష లేదు' అనే మాట వినడానికి బావుంటుంది గానీ, ఆ మాట అనగలిగేది ఎప్పుడూ తమ పాట వేదిక నడుమ ఉన్నవాళ్ళే. తుక్కడాల చోట కూర్చున్నవాళ్ళు ఆ మాట అనలేరు. హైదరాబాదులో ఒక హాలుంది, అందులో మన పిల్లలు తరతరాలుగా అర్థంకాని భాషలో పాడుతున్నారు, తెలుగు పాటకి చివరి పది నిమిషాలు ఇస్తున్నారు అనుకోండి. మనం ఊరుకుంటామా? తమిళ ఇసై వాళ్ళు అడిగింది న్యాయమేనని నా అభిప్రాయం. బ్రాహ్మణేతర ఉద్యమం, ద్రవిడ రాజకీయాలు దాని వెనక ఉన్నాయన్నది నిజమే, కానీ అంతమాత్రాన ప్రశ్న చిన్నదైపోదు.

అయితే త్యాగరాజు పక్షాన కూడా ఒక మాటుంది, అది అకాడమీ చెప్పిన మాట కాదు. ఆయన కృతిలో రాగానికీ మాటకీ ఉన్న ముడి విప్పి ఇంకో భాష తొడగడం కుదరదు. సంగతి పెరిగేకొద్దీ మాట మీద ఒత్తు మారుతుంది, ఆ మారే ఒత్తులోనే అర్థముంది. అందుకని తమిళ ఇసై వాళ్ళు తెలివిగా చేసింది అనువాదం కాదు, కొత్త పాట. ముత్తుత్తాండవర్, అరుణాచల కవి, గోపాలకృష్ణ భారతి లాంటి పాత తమిళ వాగ్గేయకారుల్ని తవ్వితీశారు. పాపనాశం శివన్ లాంటివాళ్ళు రాసిన కొత్త కృతులు నిలబడ్డాయి. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. ఎస్ప్లనేడ్‌లో వాళ్ళ హాలు రాజా అన్నామలై మండ్రం లేచింది. డిసెంబరులో వాళ్ళ ఉత్సవం వాళ్ళు పెట్టుకుంటారు, పాటలన్నీ తమిళం. 1971లో పాపనాశం శివన్‌కి సంగీత కళానిధి ఇచ్చింది మళ్ళీ మ్యూజిక్ అకాడమీయే. మద్రాసు దెబ్బలాటలు ఇలా ముగుస్తాయి: ఎవరూ ఓడిపోయామని ఒప్పుకోరు, ఎదుటివాళ్ళ పాట నేర్చుకుంటారు.

ఇక అదే ఊళ్ళో పదేళ్ళ తర్వాత మన కథ. ఆంధ్రరాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకి కూర్చున్నది 1952 అక్టోబరు 19న, మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో. రాయపేట హైరోడ్డు. ఈనాటి మ్యూజిక్ అకాడమీకి అదేమంత దూరం కాదు. 58 రోజుల తర్వాత డిసెంబరు 15 రాత్రి ఆయన చనిపోయాడు. ఇప్పుడు సీజన్ తేదీలు చూసేవాళ్ళకి ఆ తేదీ కళ్ళకి తగులుతుంది. అకాడమీ ఉత్సవం మొదలయ్యే రోజు దాదాపు అదే. నాలుగు రోజులకి, 19న, నెహ్రూ ఆంధ్రరాష్ట్రం ప్రకటించాడు. మద్రాసు మాత్రం రాలేదు. 'మద్రాసు మనదే' అని మనవాళ్ళు, తల ఇచ్చైనా తలనగరం నిలుపుకుంటామని మా.పొ. శివజ్ఞానం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది.

ఒక భాషవాళ్ళు ఆ ఊరిని పోగొట్టుకున్న రోజుల్లో ఆ భాషలోని పాట ఆ ఊళ్ళోనే అన్నిటికంటే ఎత్తైన చోట ఉంది. దీన్ని వ్యంగ్యమనొచ్చు. నాకు అంతకంటే చిక్కుగా అనిపిస్తుంది. జనం వెళ్ళిపోయాక పాట మిగలడానికి కారణం, ఆ పాట ఎప్పుడూ 'మన' జనం మీద ఆధారపడి లేకపోవడమే. తిరువయ్యారులో, కుంభకోణంలో, వాలాజాపేటలో శిష్యపరంపరలు ఉన్నాయి. తమిళం మాట్లాడేవాళ్ళు తెలుగు సాహిత్యాన్ని నోటితో మోశారు. తమిళ లిపిలో క, గ లకి ఒకే అక్షరం కాబట్టి, పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేసుకుని క, ఖ, గ, ఘ లు విడదీసి చూపుకున్నారు. ఉచ్చారణ తప్పుతుందని మనం నవ్వుతాం. నిజమే, పదాల్ని విరవకూడనిచోట విరిచి పాడేవాళ్ళున్నారు, వింటే ఒళ్ళు మండుతుంది. కానీ ఆ అంకెలు వేసిన పుస్తకం ఒకటి పాత పుస్తకాల షాపులో చేతికొస్తే తిరగేసి చూడండి. తనది కాని భాషకి ఎవరైనా అంత శ్రద్ధ చూపిస్తారా అనిపిస్తుంది. మనం మన పాటకి అంత చేశామా అన్నది వెంటనే వచ్చే రెండో ప్రశ్న.

1955లో మౌబ్రేస్ రోడ్డులో అకాడమీ సొంత హాలుకి శంకుస్థాపన చేసింది నెహ్రూ. అప్పటిదాకా వేరేవాళ్ళ హాళ్ళలో, పందిళ్ళలో జరిగేది. 1962 డిసెంబరులో మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయరు ప్రారంభించాడు. ఆయన కూడా వాగ్గేయకారుడే, కీర్తనలు రాసినవాడు. తర్వాత పేరు రోడ్డుకీ హాలుకీ కూడా మారింది. ఇప్పుడు హాలు టి.టి.కె. ఆడిటోరియం, రోడ్డు టి.టి.కె. రోడ్డు. ఆటోవాడికి "మ్యూజిక్ అకాడమీ" అంటే చాలు. అంతకు ఏడాది ముందే, 1961లో, టాగూరు శతజయంతికి హైదరాబాదులో రవీంద్రభారతి తెరుచుకుంది. రెండూ ఒక ఈడు హాళ్ళు. ఒకదాని చుట్టూ ఒక నెల పాటు ఊరంతా తిరుగుతుంది. రెండోదానిలో ఏం జరుగుతుందో ఆ రోజు పేపరు చూస్తేగానీ మనకి తెలియదు. హాలు ప్రభుత్వం కట్టగలదు. సీజన్ మాత్రం చందాదారులే కట్టుకోవాలి.

రాష్ట్రం విడిపోయాక కూడా మనవాళ్ళు ఆ గుమ్మం తొక్కుతూనే ఉన్నారు. పేరు కావాలంటే అక్కడే తేలాలి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మకి 1974లో సంగీత కళానిధి వచ్చింది. తిరుపతిలో కూర్చుని అన్నమయ్య పాటలకి స్వరాలు కూర్చిన తెలుగు పండితుడు. బాలమురళీకృష్ణకి 1978లో. ఆయన అప్పటికి విజయవాడ వదిలి మద్రాసువాడైపోయాడు, కొత్త రాగాల గురించి మద్రాసు పెద్దలతో తగాదాలు కూడా పడ్డాడు. శ్రీపాద పినాకపాణికి 1983లో. ఆయన వృత్తికి డాక్టరు, కర్నూల్లో వైద్యం చెబుతూ సంగీతం చెప్పినవాడు. తన శిష్యుడు నేదునూరి కృష్ణమూర్తికి 1991లో. ఇంకో పేరు నాకు వీటన్నిటికంటే ఇష్టం: షేక్ చినమౌలానా. ప్రకాశం జిల్లా కరవది ఊరు. నాదస్వరం. తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో ఆయనకి సంగీత కళానిధి. ఒక తెలుగు ముస్లిం, రంగనాథుడి ఊళ్ళో ఉంటూ, గుడి వాద్యానికి ఆ బిరుదు తెచ్చాడు. ఈ సంగీతం ఎవరిది అని గొంతు పెంచేవాళ్ళు ఎదురైనప్పుడు నేను వాదించను, ఆయన వాయించిన రాగం ఒకటి పెడతాను.

ఆడవాళ్ళ సంగతీ చూడాలి. ఆ బిరుదు మొదటిసారి ఒక స్త్రీకి దక్కింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి. అప్పటికి బిరుదు పెట్టి పాతికేళ్ళు దాటింది. రెండేళ్ళకి డి.కె. పట్టమ్మాళ్, 1973లో బాలసరస్వతి, 1976లో బృంద. బెంగళూరు నాగరత్నమ్మ ఈ లెక్కలో ఎక్కడా లేదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని 1910లో పూర్తిగా అచ్చువేయించి సర్కారు కోపం తెచ్చుకున్న మనిషి, తన ఆస్తంతా పెట్టి తిరువయ్యారులో త్యాగరాజుకి గుడి కట్టించిన మనిషి. ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే వేరే బృందం పెట్టి పాడించింది. 1952 మేలో పోయింది. ఆ ఏడాది మద్రాసులో తెలుగు చరిత్ర రాసేవాళ్ళు డిసెంబరుతోనే కాదు, మేతో కూడా మొదలుపెట్టాలి.

గొడవలు ఇప్పటికీ ఆగలేదు. 2024లో టి.ఎం. కృష్ణకి సంగీత కళానిధి ప్రకటించగానే కొందరు ప్రముఖ గాయకులు ఆ ఏడాది అకాడమీలో పాడమన్నారు. ఎం.ఎస్. పేరిట ఇచ్చే పురస్కారం గురించి కోర్టుకు కూడా వెళ్ళారు. కులం, పెరియార్, ఎవరి పాట, ఎవరి హాలు: 1941లో అడిగినవే కొత్త మాటల్లో. మన దగ్గర కొందరు విసుక్కుంటారు, పాట వినడానికి వెళితే ఈ రాజకీయాలేంటని. నాకైతే ఒక ఊరు సంగీతం గురించి కోర్టుకెళ్ళేంత పట్టించుకోవడం చూస్తే అసూయే.

సరే, ప్లాన్ దగ్గరికి వద్దాం. నాలుగు రోజులు పెట్టుకున్నారు. ఒక రోజు అకాడమీ మానేసి ఎస్ప్లనేడ్‌లో రాజా అన్నామలై మండ్రానికి వెళ్ళండి, తమిళ ఇసై ఉత్సవం జరుగుతుంటుంది. ఒక్క పాట అర్థం కాకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది, టి.టి.కె. రోడ్డులో మన పక్కసీటు పెద్దావిడ చిన్నప్పుడు ఎలా కూర్చునేదో కూడా. ఇంకో ఉదయం జార్జిటౌన్ తిరగండి. త్యాగరాజు దిగిన ఇంటినో, ధనమ్మాళ్ వాయించిన గదినో చూస్తామనుకుని వెళ్ళొద్దు. వీధులే ఉన్నాయి, టోకు వ్యాపారం, చేతిబళ్ళు, జనం. ఆ రద్దీలో ఒకప్పుడు ఎవరూ దగ్గకుండా కూర్చున్నారని ఊహించుకోవడానికి కొంచెం కష్టపడాలి.

సాయంత్రం కచేరీలో తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు లేస్తుంది. మృదంగం వాయించేవాళ్ళు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్న సంగతే. మీరు లేవకండి. తుక్కడాలప్పుడు కూడా లేవకండి, అప్పుడే తమిళ పాటలు వస్తాయి.

మధ్యాహ్నం కచేరీకీ సాయంత్రం కచేరీకీ మధ్య ఖాళీ దొరికితే మటుకు క్యాంటీన్ వరసలో గడపొద్దు. ఆటోలో పది నిమిషాలు. రాయపేట హైరోడ్డు, మైలాపూరు వైపు. "పొట్టి శ్రీరాములు ఇల్లు" అంటే ఆటోవాడికి తెలియకపోవచ్చు. 126 నంబరు అని చెప్పండి. చూసి తిరిగొచ్చేసరికి తంబురా శ్రుతి చేస్తూ ఉంటారు.